వీపు చూసి కొన్న పెట్టె

పది రోజులుగా మా ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ గ్లాసు చేతికివ్వకముందే తీసుకెళ్ళి సోఫాలో సరిగ్గా నడిమధ్యన కూచోబెడుతున్నాను. నిన్న గ్యాస్ బండ తెచ్చిన తమ్ముణ్ణి కూడా కూచోబెట్టాను. రిమోట్ నొక్కి, టీవీ వంక కాకుండా వాళ్ళ మొహం వంక చూస్తాను. తెర మీద వాన మొదలవుతుంది. ముందు ఎదురుగా నాలుగు చినుకులు. ఆ తర్వాత ఎడం పక్కన రేకుల మీద టపటపలు. ఇంకో రెండు క్షణాలకి ఎవరైనా సరే, తల తిప్పి వెనకున్న కిటికీ వంక చూడాల్సిందే. కిటికీ వేసే ఉంటుంది. బయట ఎండ మండిపోతూ ఉంటుంది.

ఇదంతా చేస్తున్నది ఒక డివిడి ప్లేయర్. కోఠిలో 1,800 రూపాయలకి కొన్నది, ఎవరో వాడుకుని వదిలేసినది. నాకు ముప్ఫై రెండేళ్ళు. ఊహ తెలిసినప్పటినుంచీ సినిమాలు చూస్తూనే ఉన్నాను. ఫోన్లో చూశాను, లాప్‌టాప్‌లో చూశాను, గోడంత టీవీలో చూశాను. ఇంట్లో కూచుని సినిమాని ఇలా వినొచ్చని మాత్రం ఈ నెలలోనే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ కడుపులో దాచుకోలేకపోతున్నాను.

కథ మా మావయ్యతో మొదలైంది. ఆయన వనస్థలిపురంలో ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ నన్ను పిలిచారు. "నాన్నా, వీటిని పాత సామాన్లవాడికి వెయ్యడానికి నాకు మనసొప్పట్లేదు. నువ్వు తీసుకెళ్ళు" అన్నారు. అవి 2004లో ఆయన ముచ్చటపడి కొనుక్కున్న హోమ్ థియేటర్ సామాన్లు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని నల్లటి రిసీవర్, అయిదు స్పీకర్లు, స్టూలంత సబ్‌వూఫర్. వాటితో పాటు రెండు అట్టపెట్టెల నిండా డివిడిలు. లెక్కపెడితే 143 ఉన్నాయి. అప్పటి ప్లేయర్ మాత్రం ఎప్పుడో పోయింది. ట్రే తెరుచుకుంటుంది, డిస్క్ లోపలికి తీసుకుంటుంది, చదవదు.

"ప్లేయర్ నువ్వే వెతుక్కోవాలి. తొందరపడి ఏదో ఒకటి తేకు. ఈ స్పీకర్లకి తగ్గది చూసుకో" అన్నారు మావయ్య. ఇంకో మాట కూడా చెప్పారు. "షాపుకెళ్ళే ముందు రిసీవర్ వెనకవైపు ఫోటో తీసుకెళ్ళు."

ఎందుకో నాకప్పుడు తెలీదు. డివిడి ప్లేయర్లన్నీ ఒకటే అనుకునేవాణ్ణి. డిస్క్ పెడితే బొమ్మ వస్తుంది, అందులో ఎంచుకోడానికి ఏముందిలే అనుకున్నాను. చాలా ఉంది. ముందు ఆ డిస్క్ సంగతే చెప్పాలి.

మా చిన్నప్పుడు ఇంట్లో సినిమా అంటే విసిడి. సందు చివర షాపులో అద్దెకి తెచ్చుకుంటే ఒక సినిమాకి రెండు డిస్కులు, పెద్ద సినిమా అయితే మూడు. ఒక్కో దాంట్లో 74 నిమిషాలు, మహా అయితే 80. మంచి ఫైటు మధ్యలో బొమ్మ ఆగిపోతే ఒకరు లేచి రెండో డిస్క్ పెట్టేవాళ్ళు. బొమ్మలో అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288. దూరంగా నిలబడ్డ మనిషికి మొహం ఉండేది కాదు, మొహం రంగు మచ్చ ఒకటి ఉండేది.

డివిడి కూడా అదే 12 సెంటీమీటర్ల చక్రం. పక్కపక్కన పెడితే ఏది ఏదో పోల్చుకోలేం. కానీ సిడిని చదివేది 780 నానోమీటర్ల లేజర్, కంటికి కనపడని పరారుణ కాంతి. డివిడిని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. కాంతి మొన సన్నబడింది కాబట్టి రాత కూడా సన్నబడింది. సిడిలో ఒక వరసకీ పక్క వరసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లయితే డివిడిలో 0.74 మైక్రాన్లే. అందుకే 700 మెగాబైట్లు పట్టే చోట 4.7 గిగాబైట్లు పట్టాయి. రెండు పొరలు వేస్తే 8.5. బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు అయింది, అంటే విసిడికి నాలుగు రెట్లు. సినిమా మొత్తం ఒక్క డిస్క్‌లోకి వచ్చేసింది.

ఆ వరస మధ్యలో మొదలై, దోమల చుట్టలా తిరుగుతూ తిరుగుతూ అంచుదాకా వెళ్తుంది. దాన్ని విప్పి సాగదీస్తే ఒక్క పొరకే దాదాపు 12 కిలోమీటర్లు ఉంటుంది. ఇంచుమించు కోఠి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి మళ్ళీ కోఠికి వచ్చినంత దారి, అరచేతిలో పట్టే పళ్ళెంలో! లెక్క వేసుకున్న రాత్రి ఒక డిస్క్ పట్టుకుని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచుతూ, దాని మీద పాకే ఇంద్రధనుస్సు చూస్తూ చాలాసేపు కూచున్నాను. ఆ రంగులన్నీ ఆ సన్నటి వరసల మీద వెలుతురు చెదిరిపోవడం వల్ల పుట్టేవే. సినిమా మన కళ్ళముందే రాసి ఉంది, మనకి చదవడం రాదంతే. చదవడం వచ్చినవాడు ప్లేయర్.

ఆ దారి పొడుగునా బొమ్మతో పాటు శబ్దం కూడా ఉంది, అది ఆరు పాయలుగా ఉంది. ముందు ఎడమ, ముందు కుడి, నట్టనడుమ ఒకటి, మన పక్కల్లో కాస్త వెనగ్గా రెండు. ఇవి అయిదు. ఆరోది సబ్‌వూఫర్‌కి, ఉరుములకీ పేలుళ్ళకీ, 120 హెర్ట్జ్‌ల లోపు అడుగు శబ్దాలకి మాత్రమే. మొత్తం వినికిడిలో అది చిన్న ముక్క కాబట్టి దాన్ని పాయింట్ వన్ అన్నారు. ఫైవ్ పాయింట్ వన్ అంటే ఇదీ. ముప్ఫై రెండేళ్ళూ ఆ మాట వింటూ ఆ చుక్క ఎందుకో అడగలేదు నేను.

ఈ ఆరు పాయల్నీ నొక్కి ఒక మూట కడతారు. ఆ మూట కట్టే పద్ధతి పేరే డాల్బీ డిజిటల్. డివిడిలో అది సెకనుకి ఎక్కువలో ఎక్కువ 448 కిలోబిట్లు. మామూలు పాటల సిడిలో రెండే పాయలు, వాటికే సెకనుకి 1,411 కిలోబిట్లు కావాలి. అంటే అందులో మూడో వంతు కన్నా తక్కువ చోటులో ఆరింటిని సర్దారు. ఇంకో పద్ధతి డిటిఎస్. దాని మూట పెద్దది, డివిడిలో 754 కిలోబిట్లు, కొన్నిటిలో ఏకంగా 1,509. పోస్టర్ మీద సినిమా పేరు కింద "డిటిఎస్" అని వేసుకున్న రోజులు మన ఊళ్ళ థియేటర్లకి గుర్తే. 1993లో జురాసిక్ పార్క్‌తో అది మొదలైనప్పుడు డిటిఎస్ శబ్దం ఫిల్మ్ మీద ఉండేది కాదు, వేరే సిడిల్లో వచ్చేది. ఫిల్మ్ అంచున ఒక సన్నటి సంకేతం మాత్రం ఉండి, ఆ సిడిల్ని బొమ్మతో కలిపి నడిపించేది. మనం పెద్ద తెర ముందు కూచుని ఈలలు వేసినప్పుడు పైన ప్రొజెక్టర్ గదిలో సిడిలు తిరుగుతుండేవన్నమాట!

మూట విప్పే పనిమంతుడు మావయ్య ఇచ్చిన రిసీవర్. కాబట్టి ప్లేయర్ చెయ్యాల్సిన పని ఒక్కటే, మూట విప్పకుండా, తడమకుండా, ఉన్నదున్నట్టు రిసీవర్ చేతికి అందించడం. ఈ ఒక్క సంగతి తెలిశాక ఎంపిక అంతా మారిపోయింది. నాకది తెలిసింది కోఠి గుజరాతీ గల్లీలో.

ఆ గల్లీకి నేను స్పీకర్ వైర్ల కోసం తప్ప ఎప్పుడూ వెళ్ళలేదు. రెండు వైపులా ఆంప్లిఫయర్లు, మైకులు, కెమెరాలు, తాళ్ళలా వేలాడే కేబుళ్ళు. పాత సామాను కూడా బాగుచేసి అమ్మే ఒక చిన్న షాపులో అద్దాల బల్ల మీద మూడు ప్లేయర్లు పెట్టించుకుని చూస్తున్నాను. ఒకదానికి నీలం లైట్లు. ఒకదానికి ముందు యుఎస్‌బి. ఒకటి సన్నగా, వెండి రంగులో మెరిసిపోతోంది. దాని మీదే నా కన్ను.

షాపతను నవ్వాడు. "అన్నా, ముంగట సూస్తే ఏమొస్తది? ఎనకకి తిప్పు" అన్నాడు. తనే మూడింటినీ వెనక్కి తిప్పాడు. "నీ ఆంప్లిఫయర్ ఎనక ఎట్లుంటదో తెలుసా?"

నా దగ్గర ఫోటో ఉంది! ఫోన్ తీసి చూపించాను. అతను రెండు వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, ఒక్కో రంధ్రం మీదా గోరు పెట్టి చెప్పుకుంటూ పోయాడు. అయిదు నిమిషాల్లో నాకు కొత్త లిపి చదవడం వచ్చింది.

పసుపు గుండ్రం బొమ్మకి. ఎరుపు, తెలుపు మామూలు స్టీరియో శబ్దానికి. ఈ మూడు మనందరికీ తెలిసినవే. వీటితోనే కలిపితే ఆరు పాయలూ రెండైపోతాయి. పక్కన ఆకుపచ్చ, నీలం, ఎరుపు గుండ్రాలు మూడు ఉంటే అది కాంపోనెంట్. ఆ మూడూ బొమ్మకే, శబ్దానికి కాదు. ఇక్కడ ఎరుపుని చూసి పొరపడకూడదు. నారింజ రంగు గుండ్రం ఒక్కటే విడిగా ఉంటే కోయాక్సియల్. చిన్న చతురస్రపు తలుపుతో, వేలితో నొక్కితే లోపలికి తెరుచుకునేది ఆప్టికల్. ఈ రెండిట్లో ఏదైనా ఒకటి చాలు, మూట అందులోంచి వెళ్తుంది. ఒకటి రాగి తీగ మీద, ఒకటి వెలుతురు మీద. మోసేది మాత్రం అదే. ఇక చివర హెచ్‌డిఎంఐ. అది బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోస్తుంది.

మా రిసీవర్ 2004 నాటిది, దానికి హెచ్‌డిఎంఐ లేదు. కోయాక్సియల్ రెండు, ఆప్టికల్ రెండు ఉన్నాయి. నేను మనసు పడ్డ వెండి రంగు ప్లేయర్‌కి హెచ్‌డిఎంఐ ఉంది, పసుపు ఎరుపు తెలుపు ఉన్నాయి, నారింజ లేదు, చతురస్రపు తలుపూ లేదు. "గిది టీవీకి మంచిగుంటది. నీ స్పీకర్లకి పనికి రాదు" అన్నాడతను. టీవీలోంచి మళ్ళీ ఆప్టికల్ తీసుకోవచ్చు కదా అంటే, చాలా టీవీలు బయటి పెట్టె నుంచి వచ్చిన ఆరు పాయల్నీ రెండు చేసే పంపుతాయన్నాడు. మావయ్య స్పీకర్లు అయిదూ, ఆ స్టూలంత సబ్‌వూఫరూ అలంకారంగా మిగిలిపోయేవి!

మిగిలిన రెండిట్లో ఒకటి, నేను అసలు పట్టించుకోనిది, నల్లగా వెడల్పుగా ఉంది. ముందు ఒక మూల గీత పడింది. వెనక్కి తిప్పితే అన్నీ ఉన్నాయి. హెచ్‌డిఎంఐ, కాంపోనెంట్, నారింజ, చతురస్రం. పైగా ఆరు పాయల్నీ తనే విప్పి ఆరు తీగల మీద పంపే ఆరు గుండ్రాలు కూడా ఉన్నాయి. మూట విప్పడం రాని పాత ఆంప్లిఫయర్ ఉన్నవాళ్ళకి అవే ఆధారం, కాకపోతే ఆంప్లిఫయర్‌కి కూడా ఆరు గుండ్రాలు ఉండాలి. మాకవి అక్కర్లేదు. అయినా ఆ వీపు చూస్తుంటే ఇది తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళ కోసం చేసిన వస్తువు అని అర్థమైంది. చెయ్యి వేసి అక్కడే ఉండిపోయాను.

"దీనికి రిమోట్ ఉన్నదా సూసుకో ముందు" అన్నాడతను, తన సామాను గురించి తనే. రిమోట్ లేకపోతే చాలా ప్లేయర్లలో సెటప్ మెనూలోకి వెళ్ళే దారే ఉండదు. ఉంది. బ్యాటరీలు వేసి చూశాం.

మావయ్య డిస్కులు మూడు వెంట తీసుకెళ్ళాను, అది ఎంత మంచిపనైందో. పాత ప్లేయర్ కొనేవాళ్ళు ఇది తప్పకుండా చెయ్యాలి. మొదటి సీను ఆడితే చాలని డబ్బులు ఇచ్చెయ్యకూడదు. డిస్క్‌ని మధ్యలోంచి అంచుకి చదువుతుంది కదా, అలిసిపోయిన లేజర్ మొదట్లో బాగానే చదివి అంచు దగ్గర తడబడుతుంది. అందుకే ఒక్క పొర డిస్క్‌లో నేరుగా చివరి భాగానికి దూకి చూడాలి. రెండు పొరల డిస్క్ ఒకటి పెట్టి చూడాలి. గీతలు పడ్డది ఒకటి పెట్టాలి. అక్క న్యూజెర్సీలో కొన్న తెలుగు సినిమా డిస్క్ ఒకటి కూడా పట్టుకెళ్ళాను, అది అమెరికా పద్ధతి, ఎన్‌టిఎస్‌సి, 480 గీతల బొమ్మ. మనది పాల్, 576 గీతలు. రెండూ చదివింది. ప్రాంతం తాళం సంగతి కూడా అక్కడే తెలిసింది. ప్రపంచాన్ని ముక్కలు చేసి అమెరికాకి 1, మనకి 5 అని అంకెలిచ్చారు. అక్కడ తాళం వేసిన హాలీవుడ్ డిస్క్ ఇక్కడి ప్లేయర్‌లో తెరుచుకోదు. అక్క తెచ్చిన తెలుగు డిస్క్‌కి ఏ తాళమూ లేదు. తాళం మటుకు చూస్తే, ఎక్కడ పుట్టిన ప్లేయరూ దాన్ని ఆపదు.

1,800 ఇచ్చి, పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాను.

బొమ్మకి హెచ్‌డిఎంఐ నేరుగా టీవీకి, శబ్దానికి నారింజ రంధ్రంలోంచి రిసీవర్‌కి. దారులు విడదీస్తే పాత రిసీవర్, కొత్త టీవీ రెండూ ఒకే ఇంట్లో సుఖంగా ఉంటాయి. కోయాక్సియల్ కేబుల్ విడిగా కొనలేదు. పాత పసుపు వీడియో కేబుల్ పెట్టాను. రెండిటికీ కావాల్సింది 75 ఓమ్‌ల తీగే కాబట్టి అది చక్కగా పనిచేస్తుంది. డిస్క్ పెట్టాను. అమ్మని పిలిచాను. ప్లే నొక్కాను.

ముందు రెండు స్పీకర్లే మోగాయి.

నడిమి స్పీకర్‌కి చెవి ఆనించాను, నిశ్శబ్దం. వెనక రెండూ అంతే. మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఒక్కటే అడిగారు. "రిసీవర్ అద్దం మీద ఏమని రాసుంది?" వంగి చూశాను. పిసిఎం అని ఉంది. "అయితే ప్లేయర్ మూట విప్పేసి పంపిస్తోంది నాన్నా. సెటప్‌లోకి వెళ్ళు, ఆడియోలోకి, డిజిటల్ అవుట్‌పుట్‌లోకి. బిట్‌స్ట్రీమ్ అని ఉంటుంది, లేదా రా అని ఉంటుంది. అది పెట్టు."

పెట్టాను. రిసీవర్ లోపల ఎక్కడో చిన్న రిలే టక్కుమంది. అద్దం మీద పిసిఎం ఆరిపోయి, రెండు డి అక్షరాలు ఎదురెదురుగా నిలబడ్డ ఆ గుర్తు వెలిగింది, పక్కనే డాల్బీ డిజిటల్ అని. దాని కింద అయిదు చిన్న గళ్ళు, ఒక్కో స్పీకర్‌కి ఒక్కోటి, ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. అప్పుడు వచ్చింది వాన.

దాని గురించి ఎలా చెప్పాలి? ఇన్నాళ్ళూ వాన శబ్దం తెరకి అంటించి ఉండేది. ఇప్పుడు తెర వానలో ఉంది, నేనూ వానలో ఉన్నాను. తెర మీద ఆమె గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా కూడా కాదు, గొంతులోనే ఏదో అంది. అంత వానలోనూ ప్రతి అక్షరం వినిపించింది, ఎందుకంటే ఆ మాట నడిమి స్పీకర్‌లో ఒక్కటే ఉంది, వాన దాన్ని తడపలేదు. సినిమా చూస్తూ మాటలకి శబ్దం పెంచి, పాటలకి తగ్గించి, ఫైట్లకి మళ్ళీ తగ్గించి రిమోట్‌తో కుస్తీ పట్టడం మా ఇంట్లో రోజూ జరిగేది. ఆ రాత్రి మొత్తం సినిమాకి ఒక్కసారి కూడా నేను రిమోట్ ముట్టుకోలేదు.

మర్నాడు టేపు పట్టుకుని కూచునే చోటు నుంచి ఒక్కో స్పీకర్‌కి దూరం కొలిచి రిసీవర్‌కి చెప్పాను. శబ్దం అడుగు దూరం నడవడానికి దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. దగ్గరున్న స్పీకర్‌ని రిసీవర్ ఆ కాసింతసేపు ఆపి, దూరం స్పీకర్‌తో కలిసి చేరేలా చూస్తుంది. పంక్తిలో అందరికీ వడ్డన అయ్యేదాకా మొదటివాళ్ళు చెయ్యి పెట్టకుండా ఆగినట్టు! టీవీ బొమ్మని సవరించుకోడానికి కొంచెం సమయం తీసుకుంటుంది కాబట్టి, పెదవి కదలకముందే మాట వినిపిస్తుంటే మొత్తం శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసే సెట్టింగు కూడా అందులోనే ఉంది.

బొమ్మ సంగతి కూడా చెప్పకపోతే తప్పు. డివిడిలో బొమ్మ సాధారణంగా సగం సగంగా ఉంటుంది, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి. వాటిని సరిగ్గా కలపకపోతే కదిలే వస్తువు అంచుకి దువ్వెన పళ్ళు లేస్తాయి. తేడా కోసం ఒకసారి బొమ్మని పసుపు తీగతో చూసినప్పుడు నాట్యం చేస్తున్నావిడ పైట అంచున ఆ పళ్ళు నాకు స్పష్టంగా కనిపించాయి. ఈ ప్లేయర్ రెండు సగాల్నీ కుట్టి ప్రోగ్రెసివ్‌గా పంపుతుంది. హెచ్‌డిఎంఐలో అదే నాట్యం చూస్తే పైట అంచు జరీ గీతలా నున్నగా తిరిగింది. 576 గీతల బొమ్మ 4కె అయిపోదు. కానీ మనిషి చర్మం మనిషి చర్మంలా, చీకటి చీకటిలా ఉంటే కంటికి ఇంకేం కావాలి?

అసలు ఆనందం మూడో రోజు దొరికింది. అట్టపెట్టె అడుగున మాయాబజార్ ఉంది, నలుపు తెలుపుది. 1957 నాటి సినిమా, శబ్దం ఒక్కటే పాయ, మోనో. ఆరు స్పీకర్ల ముందు దీనికి ఏం దక్కుతుందిలే అనుకుంటూ పెట్టాను. డిస్క్‌లో ఎడమ, కుడి రెండిట్లోనూ అదే శబ్దం ఉంది. రిసీవర్‌లో ప్రోలాజిక్ అనే పద్ధతి ఒకటి ఉంది. రెండు వైపులా ఒకేలా ఉన్నదాన్ని నడిమి స్పీకర్‌కి పంపడం దాని గుణం. దాంతో మొత్తం సినిమా శబ్దం నట్టనడుమ నిలబడింది. పక్కలవి మౌనంగా తప్పుకున్నాయి. ఎస్.వి.రంగారావు గారు గద భుజాన వేసుకుని నవ్వితే ఆ నవ్వు టీవీ కింద ఉన్న ఒకే ఒక్క పెట్టెలోంచి, సరిగ్గా ఆయన ఛాతీ ఉన్న చోటు నుంచి వచ్చింది. థియేటర్లో తెర వెనక ఒక్క స్పీకర్ పెట్టి వినిపించిన రోజుల్లో జనం ఎలా విన్నారో అలాగే.

అమ్మ చేతిలో ఉన్న బీన్స్ పక్కన పెట్టేసింది. "ఘటోత్కచుడు మనింట్లో నిలబడి మాట్లాడుతున్నట్టుంది కదరా" అంది. మార్కస్ బార్‌ట్లీ కెమెరా పట్టిన ఆ పడవ, ఆ వెన్నెల వచ్చేసరికి నేనే లేచి లైటు తీసేశాను. నీళ్ళ మీద మెరుపు ఒక్కోటీ విడివిడిగా కనిపించింది. అందులో ఎన్ని రకాల బూడిద రంగులున్నాయో చూసి అమ్మా నేనూ మాట్లాడుకోలేదు.

ఉన్నది ఆరైతే ఆరు, ఉన్నది ఒక్కటైతే ఒక్కటి. ఈ పెట్టె నాకిష్టమైంది అందుకే. తనదంటూ ఏమీ కలపదు, ఏమీ మింగదు. ఎవరో ఎన్నో రాత్రులు కూచుని ఈ చినుకు ఎడమ, ఈ అడుగు కుడి అని కూర్చిన శబ్దాన్ని చెయ్యి దాటనివ్వకుండా తెచ్చి అప్పజెబుతుంది. సామాను బాగుంటే సినిమా మారుతుందనుకున్నాను. సినిమా ముందునుంచీ ఇలాగే ఉంది. మన దాకా రాలేదంతే.

కాబట్టి దయచేసి మీ అటక ఒకసారి వెతకండి. బాబాయి గారింట్లోనో, పెదనాన్న గారింట్లోనో దుమ్ము కొట్టుకుపోతున్న రిసీవర్ ఉందేమో అడగండి. ఉంటే ముందు దాని వీపు ఫోటో తీయండి. దాన్లో నారింజ ఉందో, చతురస్రం ఉందో, హెచ్‌డిఎంఐ ఉందో చూసుకోండి. అదే ద్వారం ఉన్న ప్లేయర్ వెతకండి. పాత బ్లూరే ప్లేయర్ దొరికినా బంగారమే, అది డివిడిల్ని కూడా చక్కగా చదువుతుంది. రిమోట్ అడగండి, మీ డిస్కులు మీరే పట్టుకెళ్ళండి, చివరి సీను ఆడించండి. ఇంటికొచ్చాక బిట్‌స్ట్రీమ్ పెట్టండి. డిస్క్ తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. అడ్డంగా పడ్డ గీతని ప్లేయర్ దాటేస్తుంది, వరస వెంబడే పడ్డ గీత ఒకేచోట బోలెడంత రాతని చెరిపేస్తుంది. ఇది కూడా మావయ్య చెప్పిందే.

మొన్న రాత్రి ఒక పెద్ద సినిమా చూస్తున్నాం. గంటన్నర దాటాక, ఒక సీను అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోట, బొమ్మ అర సెకను ఆగింది. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. వెంటనే మళ్ళీ నడిచింది.

"పాడైందా?" అంది అమ్మ కంగారుగా.

పాడవలేదమ్మా అని చెప్పాను. మొదటి పొర అయిపోయింది. మధ్యలో బయల్దేరిన లేజర్ 12 కిలోమీటర్ల దారి నడిచి అంచుకి చేరుకుంది. అక్కడ చూపు సర్దుకుని రెండో పొర మీదికి ఎక్కింది. ఆ పొరని అంచు నుంచి మధ్యకి చదువుతుంది.

అమ్మ కాసేపు తెర వంక కాకుండా ప్లేయర్ వంక చూసింది, మూల గీత పడ్డ ఆ నల్లటి పెట్టె వంక.

"అయితే ఇప్పుడు ఇంటికి తిరిగొస్తోందన్నమాట" అంది.